కాఫీ శాంప్లర్ బాక్స్: గింజలు భేష్, చేతిపుస్తకం తుస్సు

కాఫీ గింజలు వేయించి అమ్మే ఒక చిన్న రోస్టర్ ఆన్‌లైన్‌లో అమ్మే బాక్స్ ఇది, నాలుగు ప్యాకెట్ల గింజలు, వాటితో ఒక చేతిపుస్తకం. మూడు ప్యాకెట్లు ఒకే తోటవి, ఒకే రకం అరబికా, ఒకే మీడియం రోస్ట్. తేడా అల్లా పండు కోశాక గింజను ఎలా తీసి ఆరబెట్టారన్న ప్రాసెస్‌లోనే: ఒకటి వాష్డ్, ఒకటి నేచురల్, ఒకటి హనీ. ఈ ఒక్క ఆలోచన కోసమైనా కొనొచ్చు, ఎందుకంటే మామూలుగా మనం ఒక దేశం వాష్డ్, ఇంకో దేశం నేచురల్ పక్కపక్కన తాగి అదంతా ప్రాసెస్ మహిమే అనుకుంటాం, నేల, ఎత్తు, చెట్టు రకం చేసిన తేడా కూడా దాని ఖాతాలోనే వేసేస్తాం.

ముందు వాష్డ్ తెరవండి. తొక్క, గుజ్జు యంత్రంతో ఒలిచేసి, గింజకు పట్టుకున్న జిగురు వదిలేదాకా ఒక రోజు అటూ ఇటూగా పులియబెట్టి, కడిగి, తేమ 10 నుంచి 12 శాతానికి దిగేదాకా ఆరబెట్టిన గింజలివి. తేటగా, కాస్త పుల్లగా ఉంటుంది, రోస్ట్‌లో లోపం ఉంటే ఇందులో వెంటనే దొరికిపోతుంది. ఇక్కడ దొరకలేదు. నేచురల్ అంటే పండును పండుగానే ఎండబెట్టడం. వారాలు పడుతుంది, రోజూ తిప్పకపోతే బూజు ఖాయం. ప్యాకెట్ కత్తిరించగానే బెర్రీ వాసన గుప్పుమంది, మొదటి కప్పు అద్భుతం, రెండో కప్పుకి మొహం మొత్తింది. హనీ ఈ రెండింటికీ మధ్యది: తొక్క తీసేస్తారు, జిగురు కొంత ఉంచేసి ఆరబెడతారు. ఎంత ఉంచారు, ఎంత నిదానంగా ఆరనిచ్చారు అన్నదాన్ని బట్టి వైట్, ఎల్లో, రెడ్, బ్లాక్ అని చెప్తుంటారు, ప్యాకెట్ మీద మాత్రం ఉత్త హనీ అనే ఉంది. అయినా రోజూ తాగమంటే నా ఓటు దీనికే.

నాలుగోది అనేరోబిక్, గాలి చొరబడని ట్యాంకుల్లో పులియబెట్టింది. తోట వేరు, రోస్ట్ వేరు. ఇక పోలిక ఏముంది? ట్రెండ్‌లో ఉందని పడేసినట్టుంది.

అసలు చిరాకు చేతిపుస్తకంతో. సర్టిఫికేషన్ ఉంటే రుచి మెరుగ్గా ఉంటుందని రాశారు. ఈ ముద్రలేవీ కప్పు రుచి చూసి ఇచ్చేవి కావండీ, రుచికి మార్కులేసే కప్పింగ్ వేరే వ్యవహారం. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర చూసేది ధర సంగతి: చిన్న రైతుల సంఘాలకు వాష్డ్ అరబికా మీద పౌండుకు కనీసం 1.80 డాలర్లు, 2023 ఆగస్టులో పెట్టిన లెక్క ఇది, దానిపైన సంఘానికి అదనంగా 20 సెంట్ల ప్రీమియం. మార్కెట్ ధర అంతకన్నా ఎక్కువుంటే మార్కెట్ ధరే ఇవ్వాలి. 2025 ఫిబ్రవరిలోలా అరబికా ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల మార్కెట్ ధర) 4 డాలర్లు దాటినప్పుడు ఆ కనీస ధరతో పనే పడదు, ధర కుప్పకూలిన ఏడాదే అది రైతును ఆదుకునేది. కప్ప బొమ్మ ఉండే రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్‌లో ఇలాంటి కనీస ధర లేదు, అది చెట్లు, నేల, కూలీల పరిస్థితి చూస్తుంది. 2018లోనే ఉట్జ్ అనే మరో ముద్ర సంస్థ అందులో కలిసిపోయింది, ఈ పుస్తకంలో ఇంకా విడిగానే ఉంది!

ఆర్గానిక్ గురించి పర్లేదు, అమెరికా నిబంధనల ప్రకారం నిషేధిత రసాయనాలు పడకుండా నేల మూడేళ్లు ఉండాలన్నది సరిగ్గానే రాశారు. కానీ నా దృష్టిలో వీటన్నిటిలో కఠినమైన బర్డ్ ఫ్రెండ్లీకి ఒక్క లైనుతో సరిపెట్టారు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వాళ్ల ముద్ర అది, ముందు ఆర్గానిక్ అయి ఉండాలి, పైగా తోటలో కనీసం 40 శాతం చెట్ల నీడ ఉండాలి. ఇక ఆడిట్ ఖర్చులు భరించలేక ఏ ముద్రా తీసుకోని మంచి తోటలు బోలెడున్నాయన్న ముక్క ఎక్కడా లేదు, స్టిక్కర్ లేని ప్యాకెట్‌ను జనం అనుమానంగా చూసేది ఇందుకే.

ఇన్ని స్టిక్కర్లు అంటించినవాళ్లు గింజలు వేయించిన తేదీ, అదే రోస్ట్ డేట్, వేయడం మరిచారు, ఎక్స్‌పైరీ మాత్రమే ఉంది. అడిగితే బ్యాచ్ నంబర్ చూసి వెంటనే చెప్పారు కాబట్టి ఆర్డర్ పెట్టేముందే అడగండి. మొదటి మూడూ విడిగా కూడా అమ్ముతున్నారు, గింజలుగానే తెప్పించుకోండి, పొడి వద్దు.