పరగడుపు షుగరా, మూడు నెలల షుగరా?

హెచ్ఐవీ మందులు వాడేవాళ్లు షుగర్ చూపించుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి పరగడుపు రక్తపరీక్ష, రెండోది మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. రెండోదే సుఖం, తిన్నాక కూడా ఇవ్వొచ్చు.

కానీ హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఆ సగటు అసలు కంటే తక్కువ చూపించవచ్చు. అది ఎర్రరక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. జిడోవుడిన్ అనే హెచ్ఐవీ మందుతో ఆ కణాలు ఉబ్బుతాయి, కొందరికి రక్తం కూడా తగ్గుతుంది. అబకవిర్ అనే ఇంకో హెచ్ఐవీ మందుతోనూ లెక్క తప్పొచ్చు. ఆ సగటు 6.5 శాతం, ఆపైన ఉంటే షుగర్ అంటారు. అంత రాలేదని నిశ్చింతగా ఉంటే లోపల షుగర్ ముదురుతుండవచ్చు. నాకు భయం అక్కడే.

పరగడుపు పరీక్షకు 8 గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. 100 లోపు మామూలు. 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగరే. మధ్యలో ఉంటే హద్దు మీదున్నట్టు. దీని కష్టం దేవరకొండ నుంచి మొదటి బస్సుకు నల్లగొండ వచ్చే అక్కకు తెలుసు. జొన్నరొట్టె మూట సంచిలోనే ఉంటుంది, గేటు దగ్గర చాయ్ మరుగుతుంటుంది. ఒక్క చాయ్ తాగితే ఆ రోజు పరీక్ష పోయినట్టే.

అయినా నేను పరగడుపు వైపే. మందులు మొదలుపెట్టే ముందు, మార్చేటప్పుడు, ఆ తర్వాత 3 నుంచి 6 నెలల్లో, ఆపై ఏటా చేయించుకోవాలి. బరువు పెరిగినవాళ్లు అసలే వాయిదా వేయొద్దు.

షుగర్ తేలితే, ప్రైవేటు డాక్టరు దగ్గర కూడా హెచ్ఐవీ మందుల సంగతి దాచకండక్కా. డొలుటెగ్రవిర్ అనే హెచ్ఐవీ మందు వల్ల ఒంట్లో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు పెరుగుతుంది, మోతాదు చూసి రాయాలి.