మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్: ఏది మేలు?

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 8.0 వెర్షన్‌కి, దాని యజమాని ఒరాకిల్ కంపెనీ మద్దతు 2026 ఏప్రిల్ దాకానే అని తెలిసినప్పటి నుంచీ ఒకటే ప్రశ్న వస్తోంది. దాని కొత్త వెర్షన్ 8.4కి వెళ్లమంటారా, మరియాడీబీకా, లేక పనిలో పనిగా పోస్ట్‌గ్రెస్‌కే మారిపోమంటారా?

వేగం సంగతి పక్కన పెడతాను. కాలేజీ పోర్టల్‌కో, షాపు బిల్లింగ్‌కో, క్లినిక్ అపాయింట్‌మెంట్లకో ఈ మూడింటిలో ఏదైనా చాలు. బెంచ్‌మార్క్ ఎవరు రాస్తే వాళ్ల డేటాబేస్ గెలుస్తుంది, అది మామూలే. నేను చూసేది వేరు: ఆ కోడ్ మీద హక్కు ఎవరి చేతిలో ఉంది? పదేళ్లు నడవాల్సిన సిస్టమ్‌కి ఇదే అసలు ప్రశ్న.

మైఎస్‌క్యూఎల్ కథ ఇక్కడే తేలిపోతుంది. 2000 నుంచీ దానికి రెండు లైసెన్సులు. జనానికి జీపీఎల్ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ మార్చి పంచితే ఆ కోడ్‌నీ బయటపెట్టాలి), తమ సాఫ్ట్‌వేర్‌లో కలిపి అమ్ముకునే కంపెనీలకు డబ్బులు తీసుకుని ఇచ్చే కమర్షియల్ లైసెన్సు. అలా అమ్మాలంటే కోడ్ మొత్తం మీద హక్కు ఒక్కరి దగ్గరే ఉండాలి. అందుకే బయటివాళ్లు ప్యాచ్ (కోడ్‌కి సవరణ) పంపితే హక్కుల ఒప్పందం మీద సంతకం పెట్టించుకునేవారు. కంపెనీ చేతులు మారితే ఆ హక్కులూ దానితోపాటే పోతాయి. 2008లో సన్ అనే కంప్యూటర్ల కంపెనీ మైఎస్‌క్యూఎల్‌ని 100 కోట్ల డాలర్లకు కొన్నది, ఆ సన్‌ని 2010 జనవరిలో ఒరాకిల్ కలిపేసుకుంది. డేటాబేస్ అమ్మే కంపెనీకే పోటీ డేటాబేస్ దక్కుతోందని ఐరోపా కమిషన్ నెలల తరబడి పరిశీలించి, ఒరాకిల్ ఇచ్చిన కొన్ని హామీల మీద ఒప్పుకుంది. మైఎస్‌క్యూఎల్‌ని మొదలుపెట్టిన మాంటీ విడేనియస్ అప్పట్లో దీనికి వ్యతిరేకంగా గట్టిగా ప్రచారం చేశాడు. సన్‌కి అమ్మిన రోజు ఈ బెంగ ఏమైందని అడిగినవాళ్లూ ఉన్నారు, అది న్యాయమైన ప్రశ్నే.

అతను భయపడ్డట్టు ఒరాకిల్ దాన్ని చంపలేదు. విండో ఫంక్షన్లు, కొత్త డేటా డిక్షనరీ లాంటి పెద్ద మార్పులతో 8.0 వచ్చింది ఒరాకిల్ చేతుల్లోనే, 2018లో. కానీ 2011లో, ఎక్కువ కనెక్షన్లను తట్టుకునేందుకు పనికొచ్చే థ్రెడ్ పూల్ లాంటివి డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కే పరిమితం చేశారు. 2012 నాటికి సెక్యూరిటీ బగ్‌ల టెస్టులను బయటపెట్టడం మానేశారు. విశ్లేషణ పనులకు చేసిన హీట్‌వేవ్ దొరికేది క్లౌడ్ సర్వీసుగానే. కోడ్ కళ్లముందే ఉంటుంది, అది ఎటు పోవాలన్నది మాత్రం తలుపులు మూసుకుని తేలుస్తారు. బయటివాడికి చూసే హక్కు ఉంది, నడిపించే హక్కు లేదు.

మరియాడీబీని అదే విడేనియస్ 2009లో మైఎస్‌క్యూఎల్ కోడ్ నుంచి విడగొట్టాడు. ఎక్స్‌ఏఎంపీపీ (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాకేజీ) వేసుకుని ‘మైఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను’ అనే మన ఇంజినీరింగ్ పిల్లల్లో చాలామంది నిజానికి నేర్చుకున్నది దీన్నే. వికీపీడియా 2013లో దీనికి మారింది. డెబియన్ లినక్స్‌లోనూ చాలాకాలంగా డిఫాల్ట్ ఇదే. వెనక ఉన్న కంపెనీ మాత్రం కుదురుగా లేదు. 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ మార్కెట్లో లిస్టయింది, షేరు కుప్పకూలింది, 2024లో కే1 అనే పెట్టుబడి సంస్థ కొనేసింది. యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్య నిలిచే మాక్స్‌స్కేల్ అనే తన ప్రాక్సీని 2016లోనే ఓపెన్ సోర్స్ కాని లైసెన్సులోకి మార్చింది.

అయితే అసలు డేటాబేస్ సర్వర్ విషయంలో ఆ ఆట సాగదు. దాని కింద ఉన్న పాత కోడ్ హక్కు ఒరాకిల్‌ది, వీళ్లకు దక్కింది జీపీఎల్ కింద మాత్రమే. కాబట్టి సర్వర్ కోడ్‌ని దాచేయాలని కే1 అనుకున్నా కుదరదు. ఒరాకిల్ హక్కే ఒరాకిల్ నుంచి విడిపోయినదానికి కాపలా కాస్తోందన్నమాట! నాకు మరియాడీబీ మీద నమ్మకం ఉన్నది కంపెనీని చూసి కాదు, ఈ ముడిని చూసి.

పోస్ట్‌గ్రెస్‌లో ఈ గొడవే లేదు. బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టింది, దానికి యజమాని కంపెనీ అంటూ లేదు, ప్యాచ్ పంపినవాళ్లు హక్కులు ఎవరికీ రాసివ్వరు. 2020లో పోస్ట్‌గ్రెస్ సేవలు అమ్మే ఈడీబీ అనే కంపెనీ, అలాంటిదే అయిన 2ndక్వాడ్రంట్‌ని కొన్నప్పుడు, ప్రాజెక్టుని నడిపించే కోర్ టీమ్‌లో సగానికి మించి ఒకే కంపెనీ వాళ్లయ్యారు. సగం దాటకూడదన్నది వాళ్లలో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు, ఎక్కడా రాసుకున్నది కూడా కాదు. వెంటనే బయటివాళ్లను ఇద్దరిని చేర్చుకుని లెక్క సరిచేశారు. ఒరాకిల్‌లో ఇలాంటిది ఊహించగలమా?

లైసెన్సు మరీ ఉదారం కావడంతో సొమ్మొకడిది సోకొకడిది కూడా అవుతోంది. అమెజాన్ తన క్లౌడ్ సర్వీసు అరోరా కోసం పోస్ట్‌గ్రెస్‌లో చేసిన మార్పులు మూసిన తలుపుల వెనకే ఉంటాయి. అయినా అసలు కోడ్‌కి ఏమీ కాదు, రేపు అరోరా నచ్చకపోతే మామూలు పోస్ట్‌గ్రెస్‌కి తిరిగి రావచ్చు. ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ తీసుకుంటుంది, ట్రాఫిక్ పెరిగితే ముందు కనెక్షన్లను పంచి వాడే పీజీబౌన్సర్ పెట్టుకోవాలి. వాక్యూమ్ (పనికిరాని పాత వరుసలను ఊడ్చేయడం) అంటే ఏమిటో తెలియకుండా పెద్ద టేబుళ్లు నడిపితే టెన్షన్ తప్పదు. వర్డ్‌ప్రెస్ దీని మీద అధికారికంగా నడవదు.

మైఎస్‌క్యూఎల్‌కి మార్పులు చేసి ఇచ్చే పెర్కోనా సర్వర్ మంచిదే, కానీ ఒరాకిల్ విడుదలలను అనుసరించి వస్తుంది కాబట్టి దారి అదే. ఎస్‌క్యూలైట్ ఒక్క మనిషి వాడే యాప్‌కి చాలు, ఈ పోటీలో దాన్ని లాగక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు పోస్ట్‌గ్రెస్‌కే. వర్డ్‌ప్రెస్, పాత పీహెచ్‌పీ యాప్‌లు ఉన్నవాళ్లు మరియాడీబీకి వెళ్లండి. 8.0 ప్రత్యేక ఫీచర్లు కోడ్ నిండా పాకిపోయి ఉంటే 8.4తో సరిపెట్టుకోండి, తప్పేం కాదు. 8.0 నుంచి మరియాడీబీకి వెళ్లేటప్పుడు డేటా ఫోల్డర్‌ని నేరుగా కాపీ చేస్తే పని చేయదు, డంప్ (డేటా అంతా ఉన్న ఫైలు) తీసి ఎక్కించాల్సిందే. డంప్‌లో utf8mb4_0900_ai_ci అనే కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరసపెట్టే నియమం) ఉంటే పాత మరియాడీబీ వెర్షన్లు ఎర్రర్ ఇస్తాయి. జేసన్ కాలమ్‌లను మరియాడీబీ పొడవాటి టెక్స్ట్‌గానే దాస్తుంది, ఆ క్వెరీలను ఒక్కొక్కటిగా పరీక్షించండి. అక్షరానికి మూడు బైట్ల దాకానే ఇచ్చే పాత utf8 టేబుళ్లలో తెలుగు అక్షరాలకు ఢోకా ఉండదు, మూడు బైట్లలో పట్టేస్తాయి. కస్టమర్లు పెట్టే ఎమోజీలకు మాత్రం నాలుగు బైట్లు కావాలి, కాబట్టి మారేటప్పుడే utf8mb4 చేసేయండి.