ద్వారకానగర్‌లో కొన్న మెక్‌లారెన్ ఎంపీ4/4 మోడల్

విశాఖ ద్వారకానగర్‌లో ఒక చిన్న షాపులో 1:43 సైజు (అసలు కారులో 43వ వంతు) ఎంపీ4/4 బొమ్మ కారు దొరికింది, ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాను. 1988 ఫార్ములా వన్ సీజన్‌లో 16 రేసుల్లో 15 గెలిచిన మెక్‌లారెన్ జట్టు కారు ఇది, డ్రైవర్లలో సెన్నా 8, ప్రోస్ట్ 7 గెలిచారు, ఆ మిగిలిన ఒక్కటీ ఇటలీలోని మోంజాలో ఫెరారీకి పోయింది. దీని అందమంతా ఎత్తు తక్కువగా ఉండడంలోనే ఉంది, డ్రైవర్ దాదాపు పడుకున్నట్టే కూర్చుంటాడు, వెనక 1.5 లీటర్ల హోండా టర్బో ఇంజిన్ కూడా బాగా కిందికే ఉంటుంది కాబట్టి వెనక రెక్కకి గాలి శుభ్రంగా అందుతుంది. మోడల్‌లో ఆ వాలు సరిగ్గా పట్టారు! ఇంటికొచ్చి పెట్టె విప్పితే ఎడమ అద్దం ఊడిపోయి ఉంది, షాపతను మర్నాడే మారుమాట లేకుండా వేరేది ఇచ్చాడు. ధర కాస్త ఎక్కువే. బీచ్ రోడ్డు వైపు ఇల్లయితే గాజు పెట్టె కూడా తీసుకోండి, ఉప్పుగాలికి చిన్న స్క్రూలు తుప్పు పడతాయి.