వెన్నుపాము ఎంఆర్ఐ: 1.5 టెస్లానా, 3 టెస్లానా?

విశాఖపట్నం మహారాణిపేట చుట్టుపక్కల స్కానింగ్ సెంటర్లలో రోజూ వినపడే ప్రశ్న ఇది: "బాబూ, మీది త్రీ టెస్లానేనా?" శ్రీకాకుళం నుంచి తెల్లారకముందే రైలెక్కి వచ్చినవాళ్లూ అడుగుతారు, ఎంవీపీ కాలనీ నుంచి కారులో వచ్చి దిగినవాళ్లూ అడుగుతారు. టెస్లా అంటే ఎంఆర్ఐ మెషీన్‌లోని అయస్కాంతం బలానికి కొలత. ఎంఆర్ఐ గదిలో పనిచేసేవాడిగా నా మాట చెప్తాను. వెన్నుపాము కోసమైతే చాలామందికి 1.5 చాలు. 3 అవసరమైనవాళ్లు కొందరుంటారు, వాళ్లకి నిజంగానే అవసరం. అయితే నేను టెస్లా సంగతి ఎత్తే ముందు డాక్టరు రాసిన చీటీ చూస్తాను.

నడుము నొప్పి అనగానే చీటీ మీద 'ఎల్ఎస్ స్పైన్' అని పడుతుంది, అంటే నడుము, దాని కిందుండే త్రికాస్థి ఎముక. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే అయిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి ఉండేవి నరాల పాయలే. అంటే నడుము స్కానులో వెన్నుపాము కొస మాత్రమే కనపడుతుంది. కాళ్లు బిగుసుకుపోతున్నాయి, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదు, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించట్లేదు అనే మనిషికి వెన్నుపాము మీద నొక్కుడు మెడలోనో వీపు మధ్యనో ఉండొచ్చు. ఆయనకి నడుము ఒక్కటే 3 టెస్లాలో ఎంత నాణ్యంగా తీసినా జబ్బు ఆ ఫిల్ములో ఉండదు. 1.5లో మెడ తీస్తే దొరికిపోతుంది. అందుకే చీటీలో 'హోల్ స్పైన్ స్క్రీనింగ్' ఉందా అని వెతుకుతాను. మెడ నుంచి కింద త్రికాస్థి దాకా నిలువుగా తీసే బొమ్మలివి, కొద్ది నిమిషాల పని. చీటీలో లేకపోతే, పడుకోబెట్టేలోపే డాక్టరుగారికి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమంటాను.

ఇక టెస్లా దగ్గరికొద్దాం. అయస్కాంతం బలం రెట్టింపైతే సిగ్నల్ కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఆ మిగులుతో బొమ్మల ముక్కలు (స్లైసులు) ఇంకా పల్చగా తీసుకోవచ్చు, లేదా పని త్వరగా ముగించవచ్చు. వెన్నుపాము చిటికెన వేలంత లావు ఉంటుంది. దానిలోపల మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) తెచ్చే చిన్న మచ్చలు వెతకాలన్నా, పాము లోపలే పుట్టిన గడ్డ అంచులు తేల్చుకోవాలన్నా 3 టెస్లాకే నా ఓటు. న్యూరాలజిస్టు ప్రత్యేకంగా రాస్తే బేరమాడకుండా అక్కడికే వెళ్లండి.

డిస్కు జారి పామును నొక్కుతోందా, పూస విరిగిందా, పూసకు టీబీ పట్టి చీము చేరిందా లాంటి ప్రశ్నలకు 1.5 నిక్షేపంగా జవాబు చెప్తుంది. టీబీ, గడ్డల విషయంలో టెస్లా కన్నా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (జబ్బు భాగం బొమ్మలో తేటగా కనపడేలా చేసే మందు) ఇచ్చి తీశారా లేదా అన్నదే పెద్ద తేడా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇటీవలి క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) వెంట తెచ్చుకోవాలి.

పైగా బలం పెరిగితే చిక్కులూ పెరుగుతాయి. వెన్నుపాము చుట్టూ ఉండే నీరు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతుంది. వీపు భాగంలో ఆ ఊగుడు నల్లటి మరకల్లా పడుతుంది, 3లో మరీను. అలవాటు లేని కన్ను వాటిని చూసి రక్తనాళాల జబ్బనుకునే ప్రమాదం ఉంది. మెడ స్కానులో గుటకతో తంటా. "గుటక వేయకండి" అనగానే ఎవరికైనా గుటకే వస్తుంది! కాబట్టి ఆ మాట అనకుండా, గొంతు ముందు భాగం నుంచి వచ్చే సిగ్నల్‌ని అణిచేసే పట్టీని మెషీన్ సెట్టింగుల్లోనే పెట్టేస్తాం. వేడి లెక్క కూడా ఉంది. అదే సీక్వెన్సును (బొమ్మ తీయడానికి మెషీన్‌కి ఇచ్చే ఆదేశాల వరసను) అలాగే 3లో నడిపితే ఒంట్లోకి దిగి వేడి పుట్టించే రేడియో తరంగాల శక్తి దాదాపు నాలుగింతలవుతుంది. హద్దు దాటకుండా మెషీనే ఆపుతుంది, ఆ మేరకు మేం సీక్వెన్సును సర్దాలి.

వెన్నుకు ఆపరేషనై రాడ్లు, స్క్రూలు ఉన్నవాళ్లకైతే నా సలహా నేరుగా 1.5. లోహం చుట్టూ బొమ్మ చెడిపోవడం 3లో ఎక్కువ. టైటానియం కాస్త నయం, స్టీలైతే పాము కనపడాల్సిన చోట నల్లటి గుంటే మిగలొచ్చు. కొన్ని ఇంప్లాంట్లకు 1.5 వరకే అనుమతి ఉంటుంది కాబట్టి డిశ్చార్జి సమ్మరీ, ఇంప్లాంటు కార్డు తప్పనిసరిగా తెండి. మన ఊళ్లో ఇంకో ప్రశ్న కూడా అడగాలి: స్టీల్ ప్లాంటులోనో షిప్‌యార్డులోనో గ్రైండింగ్, వెల్డింగ్ చేశారా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా? అవునంటే ముందు కంటికి ఎక్స్‌రే తీశాకే లోపలికి. ఇది రెండు మెషీన్లకూ వర్తిస్తుంది. చీర కుచ్చిళ్ల దగ్గరి పిన్నీసు, మొలతాడుకి కట్టిన రాగి తాయెత్తు సంగతీ అంతే, తీశాకే లోపలికి. అడిగితే లేవంటారు, తడిమితే ఉంటాయి.

గొట్టం లేకుండా పక్కలు తెరిచి ఉండే ఓపెన్ ఎంఆర్ఐ గురించి అడుగుతుంటారు. వాటిలో చాలావాటికి బలం అర టెస్లా కూడా ఉండదు, వెన్నుపాము లోపలి మచ్చల కోసం నేను పంపను. సీటీ స్కాన్ ఎముక విరిగిందో లేదో చూడటానికి బాగుంటుంది, పాము కోసం కాదు. పేస్‌మేకరు వల్ల ఎంఆర్ఐ కుదరని కొందరికి మాత్రం సీటీ మైలోగ్రామ్ (వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి మందు ఎక్కించి తీసే సీటీ) దారి ఉంది.

గొట్టంలో పడుకోవాలంటే టెన్షన్ పడేవాళ్లు ఓపెన్ కోసం పరుగెత్తే ముందు వైడ్ బోర్ మెషీన్ కోసం వాకబు చేయండి. మామూలు గొట్టం వెడల్పు 60 సెంటీమీటర్లైతే వీటిలో 70. అవి 1.5లోనూ ఉన్నాయి, 3లోనూ ఉన్నాయి.