అరువు పాటల ఆల్బమ్‌లలో ఏది మేలు?

రాక్ బృందాలు ఇతరుల పాటలు పాడి వేసిన ఆల్బమ్‌లలో ఒక్కటే వినాలంటే ఏది వినాలి? ఈ ప్రశ్న నన్ను అడగనివారు లేరు. అడిగేవారి దగ్గర అప్పటికే మూడు పేర్లు ఉంటాయి: గన్స్ ఎన్ రోజెస్ వారి ‘ద స్పగెటీ ఇన్సిడెంట్?’ (1993), మెటాలికా వారి ‘గరాజ్ ఇంక్.’ (1998), రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ వారి ‘రెనెగేడ్స్’ (2000). ఇన్నాళ్లూ “మూడూ వినండి” అని తప్పించుకుంటూ వచ్చాను. పోయిన నెలలో మూడింటినీ, వాటి అసలు పాటలతో సహా, వరసగా మళ్లీ విన్నాను. ఇక దాటవేయడం మర్యాద కాదు.

అరువు సొమ్ము బరువు చేటు అంటారు. కవర్ పాటల ఆల్బమ్ మీద శ్రోతకు ఉండే అనుమానం కూడా అదే: సొంత సరుకు అయిపోయింది కాబట్టి పక్కవాడి పెట్టె తెరిచారని. సగం సందర్భాల్లో అది నిజమే. అందుకే నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. కవర్ విన్నాక అసలు పాటను వెతుక్కుంటూ వెళ్లాలనిపించాలి. అది విన్నాక మళ్లీ కవర్ దగ్గరికి రావాలనిపించాలి. వెళ్లాలనిపించకపోతే ఆ బృందం పాటను మింగేసినట్టు. వెళ్లినవాడు తిరిగి రాకపోతే, ఆ కవర్ వట్టి దారి చూపే బోర్డు. గాయకుడి గొంతు, రికార్డింగ్ నాణ్యత, పాటల సంఖ్య అన్నీ నాకు దీని తర్వాతే.

గన్స్ ఎన్ రోజెస్ మనల్ని పంపించడంలో దిట్టలు. ద డ్యామ్‌డ్, ద స్టూజెస్, న్యూయార్క్ డాల్స్, మిస్‌ఫిట్స్, ఫియర్: పంక్ చరిత్రలో సగం ఒకే ఆల్బమ్‌లో ఉంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. 1976లో ద డ్యామ్‌డ్ పాడిన ‘న్యూ రోజ్’ ఏ క్షణాన విరిగి ముక్కలవుతుందో అన్నట్టు పరుగెడుతుంది. ఇక్కడ బృందపు బేస్ వాద్యకారుడు డఫ్ మెకేగన్ గొంతులో అదే పాట ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చింది. డ్రమ్స్ పెద్దవి, గిటార్లు బరువైనవి, ప్రమాదం మాత్రం లేదు. నాకు నిజంగా నచ్చింది మొదటి పాట, స్కైలైనర్స్ పాడిన యాభైల నాటి ప్రేమ గీతం ‘సిన్స్ ఐ డోంట్ హ్యావ్ యూ’. బృందపు గాయకుడు యాక్సెల్ రోజ్ దాన్ని వెక్కిరించకుండా మనసు పెట్టి పాడాడు. ఆల్బమ్ చివర పేరు వేయకుండా దాచిన, హత్యల ముఠా నాయకుడు చార్లెస్ మాన్సన్ పాట సంగతి అందరికీ తెలిసిందే. అది ధైర్యమని అనుకున్నారేమో, నాకు చిల్లర చేష్టగానే తోస్తుంది. ఆ తర్వాత ఈ బృందం నుంచి మరో స్టూడియో ఆల్బమ్ రావడానికి 2008 దాకా పట్టింది.

‘రెనెగేడ్స్’ సంగతి వేరు. పాటను మార్చడమే గీటురాయి అయితే ఈ పోటీ ఇక్కడే ముగిసిపోవాలి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1995లో ‘ద ఘోస్ట్ ఆఫ్ టామ్ జోడ్’ను గిటార్, మౌత్ ఆర్గాన్ తోడుగా దాదాపు గుసగుసలా పాడాడు. రోడ్డు పక్కన మంట దగ్గర కూర్చున్నవాడు తనలో తాను అనుకున్నట్టు ఉంటుంది. రేజ్ బృందం అవే మాటలను ఉంచి, కింద టామ్ మొరెల్లో గిటార్‌ను ఇనుప పట్టాలా పరిచింది. స్ప్రింగ్‌స్టీన్ పాటలో ఆ టామ్ జోడ్ ఆత్మ కోసం ఎదురుచూస్తాం. ఇక్కడ అది వచ్చి తలుపు బాదుతోంది. పాట సొంతదారుకు కూడా ఇది నచ్చినట్టే ఉంది: 2014 నాటి తన ఆల్బమ్‌లో ఇదే పాటను మొరెల్లోతో కలిసి మళ్లీ రికార్డు చేశాడు. డీవో వారి ‘బ్యూటిఫుల్ వరల్డ్’తో దీనికి నేరుగా వ్యతిరేకమైన పని చేశారు. అక్కడ చలాకీ వ్యంగ్యం, ఇక్కడ నిదానమైన దిగులు. అరవడమే తెలుసనుకున్న బృందం గొంతు తగ్గిస్తే ఎంత చేయగలదో ఆ పాటలో తెలుస్తుంది.

మరి ఎందుకు దీనికి ఓటు వేయను? ఇందులో పాటలున్న బాబ్ డిలన్‌ను, రోలింగ్ స్టోన్స్‌ను, స్ప్రింగ్‌స్టీన్‌ను పరిచయం చేయడానికి నాకు ఎవరూ అక్కర్లేదు. హిప్‌హాప్ వైపు ఎన్నడూ తొంగి చూడని రాక్ శ్రోతకు రకీమ్, ఈపీఎమ్‌డీ దగ్గరికి ఇది దారి తీస్తుంది, ఒప్పుకుంటాను. ఇంకో మాట: ఆల్బమ్ బయటికి వచ్చేసరికే గాయకుడు జాక్ డి లా రోచా బృందాన్ని వదిలేశాడు. ఆ సంగతి తెలిసి వింటున్నందువల్లో ఏమో, పన్నెండు పాటలూ ఒకే కాలంలో, ఒకే గదిలో ఉండిపోయినట్టు అనిపిస్తాయి.

‘గరాజ్ ఇంక్.’ ఒకే కాలానికి చెందినది కాదు. నా తీర్పుకు ఆయువుపట్టు అదే. ఇందులో రెండు డిస్కులు, 27 పాటలు. మొదటి డిస్కులోని 11 పాటల్లో ఒకటి తప్ప అన్నీ 1998లో కొత్తగా చేసినవి. రెండో డిస్కులోని 16 పాటలు 1984 నుంచి 1995 దాకా సింగిల్స్ వెనకవైపునా, ఇతర చోట్లా చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఏరి కూర్చినవి. పాటలు పరులవి, పెరిగిన వయసు మాత్రం మెటాలికాది. ఒక బృందం సొంత పాటలు మారుతుంటాయి కాబట్టి మారింది పాటో మనుషులో చెప్పలేం. పాట వేరొకరిదైతే మార్పు తేటగా వినిపిస్తుంది.

‘ఆమ్ ఐ ఈవిల్?’ తీసుకోండి. పాడింది డైమండ్ హెడ్ అనే ఇంగ్లిష్ బృందం, 1980లో. ఆ బృందమంటే మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్‌కు ఎంత పిచ్చి అంటే, 17 ఏళ్ల వయసులో వాళ్లను చూడటానికి అమెరికా నుంచి ఇంగ్లండ్ వెళ్లి, వాళ్ల దగ్గరే మకాం పెట్టాడు. మెటాలికా తొలి కచేరీల్లో డైమండ్ హెడ్ పాటలను ఎవరివో చెప్పకుండానే వాయించేవారు. విన్నవాళ్లు ఇవి వీళ్లవేనని అనుకునేవారు. ఇప్పుడు అసలు పాట వినండి. కవాతులాంటి ఆ ఆరంభం, ఆ సోలో అన్నీ అప్పటికే అక్కడ ఉన్నాయి. గాయకుడు షాన్ హారిస్ గొంతులో కాస్త నాటకం ఉంది, చెడ్డవాడి వేషం కట్టి సరదా పడుతున్నట్టు. తిరిగి 1984 నాటి మెటాలికా రికార్డింగ్‌కు వస్తే, గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్‌కు ఆ సరదా లేదు. కుడిచేతి అంచుతో తీగలను అదిమిపట్టి కొట్టిన ఆ దెబ్బలో, వేషం కాస్తా నిజమైపోయింది. వెళ్లడం, రావడం రెండూ నెగ్గిన పాట ఇది.

అన్నీ నెగ్గాయని అనను. ‘విస్కీ ఇన్ ద జార్’కు గ్రామీ వచ్చింది కానీ, 1972 నాటి థిన్ లిజ్జీ రికార్డింగ్ దగ్గరికి వెళ్లిన నేను ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. నిక్ కేవ్ ‘లవర్‌మ్యాన్’లో కేవ్ ఊరికే ఊపిరి పీలిస్తేనే భయం వేస్తుంది, హెట్‌ఫీల్డ్ పళ్లు కొరుకుతున్నా వేయదు. మెర్సీఫుల్ ఫేట్ పాటల కదంబం 11 నిమిషాలు. అంత అభిమానం మీకూ ఉంటేనే కూర్చోగలరు. మొదటి డిస్కులో గెలిచింది ‘టర్న్ ద పేజ్’. ఊరూరా తిరిగి అలసిన గాయకుడి పాటలో బాబ్ సీగర్‌కు సాక్సోఫోన్ ఏడ్చిపెట్టింది. ఇక్కడ ఆ ఏడుపును కర్క్ హామెట్ గిటార్ అందుకుంది. 1998 నాటికి హెట్‌ఫీల్డ్‌కు ఆ అలసట అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

మిగిలిన కవర్ ఆల్బమ్‌ల గురించి రెండు ముక్కలు. రోలింగ్ స్టోన్స్ మూడు రోజుల్లో చుట్టేసిన ‘బ్లూ అండ్ లోన్‌సమ్’ (2016) హాయిగా ఉంటుంది, బ్లూస్ ఇష్టమైతే ఇంకా హాయిగా. రష్ వారి ‘ఫీడ్‌బ్యాక్’ (2004) ఎనిమిది పాటల ముచ్చట. వీజర్ వారి ‘టీల్’ (2019) అసలు పాటలకు జిరాక్స్ కాపీ. అసలు ఉండగా జిరాక్స్ ఎందుకు?

‘గరాజ్ ఇంక్.’ను మొదలుపెట్టేటప్పుడు రెండో డిస్కుతో మొదలుపెట్టండి. మొదటి ఐదు పాటలు 1987 నాటి ఈపీవి (ఈపీ అంటే ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు). దుకాణాలవాళ్లు ఎక్కువ లాగకుండా 5.98 డాలర్ల ధరను పేరులోనే అచ్చువేసిన ఈపీ అది, కొత్తగా చేరిన బేస్ వాద్యకారుడు జేసన్ న్యూస్టెడ్‌తో చేసిన మొదటి రికార్డు. ఐదో పాట చివర ఐరన్ మెయిడెన్ పాట ఆరంభాన్ని కావాలని అపశ్రుతిలో వాయించి ఆటపట్టిస్తారు. నవ్వొస్తుంది. అక్కడ ఆపేయకండి. వెంటనే వచ్చే ఆరో పాట ‘ఆమ్ ఐ ఈవిల్?’, మూడేళ్లు వెనక్కి. అందులో బేస్ వాయిస్తున్నది 1986లో స్వీడన్ బస్సు ప్రమాదంలో చనిపోయిన క్లిఫ్ బర్టన్.