అడుగున ఏం వేయాలి? బుల్స్‌ఐ షెల్ఫ్ ప్రైమర్, థిన్‌ఫైర్ పేపర్

ఫ్యూజ్ చేసిన, అంటే వేడికి కరిగించి అతికించిన గాజుపలకను కిల్న్‌లోంచి (గాజు కాల్చే కొలిమిలోంచి) తీసి ఒకసారి తిరగేసి చూడండి. పై ముఖం మెరుస్తూ ఉంటుంది, అది వేడి చేసే పని. కింది ముఖం ఎలా వస్తుందన్నది మాత్రం గాజుకీ, కిల్న్‌లో దాన్ని పెట్టే షెల్ఫ్‌కీ మధ్య మీరేం వేశారన్న దాని మీదే ఉంటుంది. వేలితో తడిమితే బ్రష్ గీతలు తగులుతాయా, తెల్లటి చెక్కు అంటుకుని గరగరలాడుతుందా, లేక నున్నటి మ్యాట్ ముగింపు వచ్చిందా అన్నది అక్కడే తేలిపోతుంది. రంగులు ఎంచుకోవడానికి గంటలు గంటలు వెచ్చించేవాళ్లు కూడా ఈ అడుగుపొరను అయిదు నిమిషాల్లో ముగించేస్తారు. పాడైన ముక్కల్లో చాలావాటికి కారణం అదే.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన బుల్స్‌ఐ గాజు కంపెనీ ఈ పనికి రెండు సరుకులు అమ్ముతుంది. ఒకటి నీళ్లలో కలిపి బ్రష్‌తో పూసే షెల్ఫ్ ప్రైమర్ పొడి. రెండోది థిన్‌ఫైర్, అంటే కత్తిరించి పరిచే పల్చటి పేపరు. ఏది మంచిదని అడిగితే జవాబు పనిని బట్టి మారుతుంది. ఫుల్ ఫ్యూజ్‌కి (పలకలు పూర్తిగా కరిగి ఒకటయ్యే పనికి) పేపరు, స్లంపింగ్ (గాజుని మెత్తబరిచి అచ్చులోకి దింపడం) మౌల్డులకు ప్రైమరు. పేపరు వేసినా సరే, దాని కింద షెల్ఫ్‌కి ప్రైమరు పూత ఉండి తీరాలి.

ముందు ప్రైమరు. గాజుపనిలో షెల్ఫ్‌కి పూసే చాలా కిల్న్ వాష్‌ల లాగే ఇందులోనూ ప్రధానంగా ఉండేవి అల్యూమినా, చైనా క్లే అనే తెల్లమట్టి. అల్యూమినాకు గాజు అంటుకోదు, మట్టి ఆ పొడిని షెల్ఫ్‌కి పట్టి ఉంచుతుంది. కొలత ఘనపరిమాణంలో చూసుకోవాలి: ఒక వంతు పొడికి అయిదు వంతుల నీళ్లు. కలిపిన ద్రవం పల్చటి పాలలా ఉంటుంది. చిక్కగా ఉంటే ఒక్క పూతతో పని అయిపోతుందని అనిపిస్తుంది గానీ, ఆ మందపు పొరే తర్వాత పెచ్చులుగా లేచి గాజు వెనక అంటుకుంటుంది. పొడి బరువైనది, క్షణాల్లో అడుగుకు దిగిపోతుంది. కాబట్టి బ్రష్‌ని ముంచిన ప్రతిసారీ అడుగంటా కలపాలి. కలపడం మరిచిపోతే మొదటి పూత అంతా నీళ్లే, చివరి పూత అంతా బురదే.

బ్రష్ విషయంలో రాజీ పడొద్దు. మేక వెంట్రుకలతో చేసిన వెడల్పాటి హాకే బ్రష్ కావాలి. గోడలకు రంగులేసే బిరుసు బ్రష్ గీతలు మిగులుస్తుంది, ఆ గీతలు ఉన్నవి ఉన్నట్టు గాజు మీదికి దిగుతాయి. బ్రష్ నిండా ద్రవం తీసుకుని, బరువు వేయకుండా, షెల్ఫ్ ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే లాగులో పోవాలి. పొడిగా ఉన్న షెల్ఫ్ నీటిని ఠక్కున పీల్చేసుకుంటుంది కాబట్టి వెళ్లిన చోటికే మళ్లీ వెనక్కి వచ్చారా, ఆరుతున్న పొర చెదిరి గడ్డలు కడుతుంది. మొదటి పూత అడ్డంగా, రెండోది నిలువుగా, మూడు నాలుగు ఐమూలగా, అటొకటి ఇటొకటి. అయిదో పూత వేసుకుంటే ఇంకా మంచిది. కిల్న్‌లో 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు ఉంచితే తడి పూర్తిగా పోతుంది. తడి మిగిలిన షెల్ఫ్ మీద గాజు పెడితే ఆ ఆవిరి బుడగలకు దారి తీస్తుంది. చల్లారాక పాత నైలాన్ గుడ్డతో ఒక్కసారి మెల్లగా రుద్దితే మిగిలిన గీతలు కూడా సర్దుకుంటాయి.

ప్రైమరుతో అసలు ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. ఫుల్ ఫ్యూజ్ వేడి తిన్న పూతను రెండోసారి నమ్మడానికి లేదు. ఆ వేడికి పూతలోని మట్టి స్వభావం మారిపోతుంది. చూపుకి పూత చెక్కుచెదరకుండానే ఉంటుంది, కానీ తర్వాతి ఫైరింగ్‌లో షెల్ఫ్‌ని వదిలేసి గాజుని పట్టుకుంటుంది. పారదర్శకమైన గాజు వెనక అయితే ఆ తెల్లటి మరక ముందు వైపు నుంచి కూడా కనిపిస్తుంది. అందుకని ప్రతి ఫుల్ ఫ్యూజ్ తర్వాతా పెయింటు గీకే వెడల్పాటి బ్లేడుతో పాతదంతా గీకి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ అయిదు పూతలు. పాత పూత మీదే కొత్తది వేసుకుంటూ పోతే షెల్ఫ్ ఎత్తుపల్లాలుగా తయారవుతుంది. గాజుకి అంటుకున్న పొర వదలకపోతే ఆ గాజుని తెల్ల వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి నైలాన్ స్క్రబ్‌తో రుద్దండి. అన్నిసార్లూ పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేం.

థిన్‌ఫైర్ ఈ గీకుడు బాధ తప్పిస్తుంది. నున్నటి ముఖం పైకి వచ్చేలా షెల్ఫ్ మీద పరిచి, దాని మీద గాజు పేర్చడమే. వేడి పెరిగే కొద్దీ అందులో పీచుని అతికి ఉంచే బైండరు కాలిపోయి, తెల్లటి పీచూ పొడీ మాత్రమే మిగిలి గాజుని మోస్తాయి. చల్లారాక చూస్తే పలక కింద పేపరు ఆకారం ఇంకా ఉన్నట్టే ఉంటుంది, వేలు తగిలితే విభూతిలా రాలిపోతుంది. గాజు వెనక నీళ్లూ బ్రష్షూ చాలు, అంటుకోవడం అన్న మాటే ఉండదు. దాని అడుగున ఉన్న ప్రైమరుకు గాజు తగలదు కాబట్టి ఒకసారి పూసిన షెల్ఫ్ చాలా ఫైరింగ్‌ల దాకా గీకకుండా నడుస్తుంది. పేపరు ఎక్కడైనా చిరిగినా, గాజు కాస్త పక్కకు పారినా షెల్ఫ్ దక్కుతుంది. పేపరు కింద ప్రైమరు తప్పదని ముందే చెప్పింది ఇందుకే.

పేపరులో అందరూ చూడని గుణం ఇంకొకటుంది, అది గాలిని పోనిస్తుంది. 3 మిల్లీమీటర్ల పలకలు రెండు పేర్చి ఫుల్ ఫ్యూజ్ చేస్తున్నారనుకోండి. బుల్స్‌ఐ గాజుకి వాడుకలో ఉన్న షెడ్యూలు ఇది: గంటకు 222 డిగ్రీల చొప్పున 677 దాకా ఎక్కించి అక్కడ 30 నిమిషాలు ఆపడం, తర్వాత గంటకు 333 చొప్పున 804 దాకా ఎక్కించి 10 నిమిషాలు, ఆపైన వీలైనంత వేగంగా 482కి దింపి ఎనీలింగ్‌కి (గాజు లోపలి ఒత్తిడి పోవడానికి) గంటసేపు, అక్కడి నుంచి గంటకు 83 చొప్పున 427 దాకా, 150 చొప్పున 371 దాకా. ఇందులో 677 దగ్గర ఆ అరగంట గాలి బయటికి పోవడానికే. గాజు మెత్తబడి మెల్లగా కిందికి ఒదుగుతుంది, అంచులు ఇంకా మూసుకోవు. పలకల మధ్య గాలి అంచుల గుండా పోతుంది. మరి గాజు అడుగున ఉన్న గాలి? షెల్ఫ్‌లో ఎక్కడైనా పల్లం ఉంటే, ప్రైమరు పూసిన చోట ఆ గాలికి దారి దొరకదు. 800 దాటాక అదే ఉబ్బి, గాజుని చీల్చుకుని, పెద్ద బుడగై పేలుతుంది. పేపరు వేస్తే పీచుల సందుల్లోంచి ఆ గాలి పక్కకు జారుకుంటుంది. అయినా స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, వెనక టార్చి వేసి, షెల్ఫ్‌కీ స్కేలుకీ మధ్య వెలుతురు కనిపిస్తుందేమో చూడటం మానొద్దు. పెద్ద పల్లాన్ని ఏ పేపరూ కప్పలేదు.

పేపరు లోపాలు కూడా చిన్నవేం కావు. మొట్టమొదటిది, ఒక్కసారికే పనికొస్తుంది. రెండోది, కాలేటప్పుడు ముడుచుకుంటుంది. గాజు బయటికి ఎక్కువగా పొడుచుకొచ్చిన అంచు పైకి చుట్టుకుని గాజు మీద పడితే అక్కడ మచ్చ మిగులుతుంది. గాజు కన్నా అర సెంటీమీటరు మించి వదలకుండా కత్తిరించండి. మూడోది, ఆ ముడతలోనే చిన్న చిన్న ముక్కలు కదిలిపోతాయి. ఫ్రిట్ (నలగ్గొట్టిన గాజు) పొడినో సన్నటి స్ట్రింగర్లనో (గాజు పుల్లలనో) నేరుగా షెల్ఫ్ మీద పేర్చే పనికి థిన్‌ఫైర్ వాడొద్దు, మీరు పేర్చిన గీత తెల్లారేసరికి మరోచోట ఉంటుంది. అలాంటి పనికి కొత్తగా పూసిన ప్రైమరే సరి. నాలుగోది, రెండు పేపర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట గాజు వెనక గీత ఖాయం. పెద్ద పలకకు ఒకే ముక్క వాడాలి. బైండరు కాలేటప్పుడు వాసన, పొగ వస్తాయి కాబట్టి కిల్న్ ఉన్న గదిలో గాలి ఆడాలి.

పలక అంచుల్లో సూదుల్లాంటి ముళ్లు వస్తే తప్పు పేపరుదా, ప్రైమరుదా అని వెతుక్కోకండి. ఫుల్ ఫ్యూజ్‌లో గాజు 6 మిల్లీమీటర్ల మందానికి చేరాలని చూస్తుంది. అంతకన్నా పల్చగా ఉన్నప్పుడు లోపలికి లాక్కుంటుంది, కింది పొరను పట్టుకున్న అంచులు సాగి ముళ్లుగా మిగులుతాయి. అడుగున రెండు పూర్తి పలకలు వేస్తే చాలావరకు ఆగుతుంది. చుట్టూ డ్యాములు (గాజు పారకుండా ఆపే గట్లు) పెట్టి మందంగా పోసే పనిలో డ్యాము లోపలి వైపు వేడిని తట్టుకునే ఫైబర్ పేపరు పెడతారు కదా, దాన్ని గాజు చివరికి చేరే ఎత్తు కన్నా 3 మిల్లీమీటర్లు తక్కువగా కత్తిరించండి. అప్పుడు పై అంచు గుండ్రంగా తిరుగుతుంది, ముల్లు రాదు.

స్లంపింగ్‌కి వస్తే ప్రైమరుకు పోటీ లేదు. వంపు తిరిగిన మౌల్డు మీద పేపరు పరిస్తే ముడతలన్నీ గాజు మీదికి దిగుతాయి. స్లంప్ వేడి 650 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి ఫుల్ ఫ్యూజ్‌లోలా పూత పాడవదు, గీతలు పడిన చోట మాత్రం దిద్దుకుంటూ ఒకే పూతతో చాలా పళ్లేలు తీయొచ్చు. పూసేటప్పుడు మౌల్డు అడుగున గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి, ఆరాక సన్నటి తీగ దూర్చి తెరవండి. అవి మూసుకుంటే పళ్లెం అడుగు దిగకుండా ఉబ్బి నిలుస్తుంది. స్టీలు మౌల్డుకి చల్లగా ఉన్నప్పుడు పూస్తే ప్రైమరు నిలవదు, బొట్లుగా జారిపోతుంది. మౌల్డుని 200 డిగ్రీల దాకా వేడి చేసి తీసి, వేడి మీదే పల్చగా పూయాలి. అక్కడ బోరాన్ నైట్రైడ్ స్ప్రే ఇంకా నున్నగా వస్తుంది. అయితే దాన్ని షెల్ఫ్ మీద మాత్రం కొట్టొద్దు, ఆ తర్వాత అక్కడ నీళ్లలో కలిపిన ప్రైమరు పట్టదు.

ఇక దుమ్ము. థిన్‌ఫైర్ మిగిల్చే పొడి ఊపిరితోపాటు లోపలికి పోయేంత సన్నగా ఉంటుంది. ఎన్-95 మాస్కు పెట్టుకోండి, చీపురు ముట్టుకోకండి, ఉఫ్ అని ఊదకండి. హెపా ఫిల్టరున్న వ్యాక్యూమ్‌తో లాగి, తడిగుడ్డతో తుడవండి. పాత ప్రైమరు గీకేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. షెల్ఫ్‌ని కొద్దిగా తడిపి గీకితే దుమ్ము లేవదు, కాకపోతే మళ్లీ కిల్న్ ఎక్కించే ముందు బాగా ఆరబెట్టుకోవాలి. అదే పలకను రెండోసారి ఫైర్ చేయాలంటే కిల్న్ లోపలా, పలకకు రెండు వైపులా ఆ పొడి అన్నది లేకుండా చూసుకోండి. పై ముఖం మీద పడిన ఒక్క తెల్ల రేణువు 804 డిగ్రీల దగ్గర గాజులోకి దిగిందంటే మళ్లీ బయటికి రాదు.