బాపు ఎర్ర మారుతి 800కు పాలిష్ చేయించిన, ఎట్లుందంటే

మా బాపు 1997ల కొన్న మారుతి 800, ఇప్పటికీ కంపెనీ పెయింటే, ఒక్క డోరు గూడ మళ్ల వేయించలే. కాకపోతే ఎండకు బానెట్, టాపు గులాబీ రంగుకు తిరిగినయి, బోరు నీళ్ల మరకలు వేరే. మొదలు అడిగిన షాపాయన చూడంగనే "రీపెయింట్ కొట్టియ్యి అన్నా, కొత్తదైతది" అన్నడు, బాపు ఆడికెళ్లి లేచొచ్చిండు.

తర్వాత హన్మకొండ నయీంనగర్ దిక్కు ఒక చిన్న షెడ్డుకు పోయినం, ఇద్దరే పిలగాండ్లు. నాకు నచ్చిందేందంటే మిషిన్ ముట్టకముందే మీటరు పెట్టి పెయింట్ మందం చూసిండ్రు, టాపు మీద 80 మైక్రాన్లే ఉంది, అంటే పల్చగుంది, "ఇక్కడ చేత్తోనే చేస్తం అంకుల్" అన్నరు. షాంపూతోటి కడిగి క్లే బార్ (పెయింట్‌కు అతుక్కున్న మురికి తీసే మెత్తటి ముద్ద) రుద్దినంక చెయ్యి పెడితే గాజు లెక్క జారుతున్నది... పాలిష్ బట్ట ఎర్రగయ్యేసరికి బాపు భయపడ్డడు, అరె రంగు పోతున్నది ఆపుండ్రి అని! ఇసొంటి పాత సాలిడ్ పెయింట్‌కు (మెటాలిక్ మెరుపు లేనిది) పైన క్లియర్ కోట్, అంటే రంగు లేని అద్దం లాంటి పొర, ఉండదు, ఎండకు చచ్చిన పై పొర వస్తదంతే అని చెప్పి చూపిచ్చిండ్రు. నిజంగనే అడుగున అసలు ఎరుపు తేలింది.

మైనస్ ఏందంటే సాయంత్రానికి ఇస్తమని మర్నాడు ఇచ్చిండ్రు, వైపర్ల కాడ నల్ల ప్లాస్టిక్ మీద పాలిష్ తెల్లగ ఎండిపోయింది, టూత్‌బ్రష్‌తోటి నేనే తీసిన. 3500 అయింది. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే గట్టి రక్షణ పొర) అంటగట్టలే, వ్యాక్స్ కొట్టి మూడు నెలలకోసారి వేస్కోమన్నరు. పిట్టల రెట్ట ఎండకముందే తడిబట్టతోటి తియ్యాల్నంటే, బాపు ఇప్పుడు సీటు పక్కన నీళ్ల సీసా, బట్ట పెట్టుకొనే తిరుగుతున్నడు.